మావాడి సీజన్

జ్యూస్ ఫ్యాక్టరీలో పర్చేజ్ మేనేజర్ అంటే బయటి ఊళ్ళవాళ్ళకు పెద్దగా తెలియదు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి రైతును అడిగితే మాత్రం, జూన్ జులై నెలల్లో కలెక్టరు తర్వాత ఆయనే అంటాడు. ఏ ట్రాక్టరు ఈరోజు లోపలికి రావాలి, ఏది రేపటిదాకా ఆగాలి, ఏ ర్యాంపు దగ్గర (వ్యాపారులు రైతుల కాయ కొని పోగేసే చోటు) ఎన్ని టన్నులు కొనాలి, ఏ లోడుకు ఎంత తరుగు తీయాలి, అన్నీ ఆయన చెప్పినట్టే జరుగుతాయి. ఆ ఉద్యోగం నేను అడిగాను. నాతోపాటే చేరిన మావాడికి ఇచ్చారు. అదీ 2025 సీజన్‌కు ముందు. ఆ ఏడాది తోతాపురి మామిడికి ఏమైందో తోట ఉన్న ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

పేరు రాయను, ఫ్యాక్టరీ పేరూ రాయను. మావాడు అనే అంటాను. ఇద్దరం ఒకే వేసవిలో ట్రైనీలుగా చేరాం, గ్రీమ్స్‌పేటలో ఒకే గదిలో అద్దెకున్నాం, తిరుచానూరులో వాడి పెళ్ళికి వడ్డన దగ్గర నిలబడింది నేనే. తర్వాత నేను ల్యాబ్‌లో స్థిరపడ్డాను, వాడు ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూసేవాడు. వాడిది తిరుపతి, టౌన్ మనిషి, ఎంబీయే. నాది తవణంపల్లె పక్క పల్లె. మాకు తోట ఉంది, మా మామలకు తోటలున్నాయి, మా ఊళ్ళో తోట లేనివాళ్ళు తక్కువ.

ఈ ఉద్యోగం నాకే రావాలని అనుకోవడానికి కారణం అదే. ల్యాబ్ వల్ల గుజ్జు సంగతి తెలుసు, ఊరి వల్ల రైతు సంగతి తెలుసు. రెండూ తెలిసినవాడు మా ఫ్యాక్టరీలో ఇంకొకడు లేడు, ఇప్పటికీ లేడు. ఎండీ గారు "నువ్వు ల్యాబ్ వదిలితే ల్యాబ్ ఎవరు చూస్తారయ్యా" అన్నారు. పని బాగా చేసేవాణ్ణి ఆ పనిలోనే కట్టిపడేయడం అన్నిచోట్లా ఉన్నదే, దానికి పెద్దగా బాధపడలేదు. గుచ్చుకున్నది వేరే మాట. హెచ్చార్ ఆయన మెట్లు దిగుతూ నవ్వి, "మీకు బంధువులెక్కువ కదా సార్" అన్నాడు. అది చాలా రోజులు లోపల తిరిగింది.

మావాడు స్వీట్ బాక్స్ తెచ్చాడు. తిన్నాను. బాగుంది కూడా.

ఇక్కడ పని ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే వాడు ఎక్కడ ఇరుక్కున్నాడో అర్థం కాదు. తోతాపురి ఎక్కువగా గుజ్జుకు పోయే కాయ. బేనీషాలాగా బుట్టలో పెట్టి అమ్ముకుందాం అంటే కొనేవాళ్ళు అంతగా ఉండరు. కాయ ముదిరాక పచ్చిగానే కోసి తెస్తారు. ఫ్యాక్టరీలో క్రేట్లలో సర్ది మాగబెడతాం. కార్బైడ్ నిషేధం కాబట్టి చాంబర్ అనే మూసిన గదిలో ఇథిలీన్ గ్యాస్ పెడతాం. నాలుగైదు రోజులకు కాయ పండుతుంది. అప్పుడు కడిగి, ఏరి, టెంక తీసి, గుజ్జు చేసి, వేడి చేసి, గాలి తగలకుండా సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతాం. డ్రమ్ముకు 215 కిలోలు. గుజ్జులో బ్రిక్స్, అంటే తీపి లెక్క, 14కు తగ్గితే కొనేవాడు ఒప్పుకోడు. రెండు టన్నుల కాయకు అటూ ఇటుగా ఒక టన్ను గుజ్జు.

అంటే చాంబర్‌లో చోటు ఎంత ఉంటే అంతే కాయ తీసుకోగలం. చాంబర్ ఖాళీ కావాలంటే గుజ్జు తీసే లైన్ నడవాలి, లైన్ నడవాలంటే డ్రమ్ములు పెట్టే గోదాములో చోటుండాలి. గేటు ముందు కనిపించే ట్రాక్టర్ల క్యూ నిజానికి గేటు దగ్గర పుట్టదు, గోదాములో పుడుతుంది. ఆ ఏడాది చాలా గోదాముల్లో పోయిన ఏడాది గుజ్జే ఇంకా అమ్ముడుపోకుండా ఉంది.

ముందు సంవత్సరం 20 రూపాయలు దాటిన కాయను ఈసారి అడిగే నాథుడు లేడు. ప్రభుత్వం కిలో 12 రూపాయలు అని చెప్పింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది. ర్యాంపుల్లో అంతకంటే తక్కువకే అడిగారు. దాంతో అందరూ ట్రాక్టర్లు నేరుగా ఫ్యాక్టరీలకే తోలుకొచ్చారు. జూన్ మొదటి వారంలో కర్ణాటక తోతాపురిని జిల్లాలోకి రానివ్వద్దని కలెక్టరు ఆదేశం వచ్చింది, దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. జులై 9న మాజీ ముఖ్యమంత్రి బంగారుపాళెం మార్కెట్ యార్డుకు వచ్చాక సంగతి రాష్ట్రమంతా పాకింది. ఇంత గొడవ మధ్యలో, మా గేటు దగ్గర, చేతిలో టోకెన్ల పుస్తకం పట్టుకుని మావాడు నిలబడ్డాడు. వాడికి అది మొదటి సీజన్.

మొదట్లో నాకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తాను. వాడు తడబడుతుంటే లోపల ఒక తృప్తి. సంతోషం అనలేను, లెక్క చేసి చివర చూసుకుంటే జవాబు సరిపోయినప్పుడు ఉంటుందే, అలాంటిది. "చూశారా, నేను చెప్పలేదూ" అని ఎవరితోనో అంటున్నట్టు ఉండేది. ఎవరికీ నేనేమీ చెప్పి ఉండలేదు, అది వేరే సంగతి. ఆ తృప్తి ఎక్కువ కాలం నిలవలేదు. ట్రాక్టర్లలో కాయ వేడెక్కి కింద పొరలు మెత్తబడుతుంటే, ఆ కాయ తర్వాత నా టేబుల్ మీదికే వస్తుంది. నేను పరీక్ష చేసి పనికిరాదు అని రాయాలి. అప్పుడు కోపం వచ్చేది. వాడు పాడు చేస్తున్నది వాడి పేరు కాదు, నేను చేయాలని ఇష్టపడిన పని. నచ్చిన పనిని ఇంకొకడు తప్పుగా చేస్తుంటే చూడడం, ఆ పని మనకు దక్కకపోవడం కంటే కష్టం. ఆ కోపం పోవడానికి చాలా రోజులు పట్టింది. పూర్తిగా పోయిందని కూడా చెప్పను.

ఒక సంఘటన చెప్తాను. ఇరాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన లోడు. మావాడు పైనుంచి నాలుగు కాయలు తీసి కోశాడు, లోపల రంగు రాలేదు, లేత కాయ. అది నిజమే, నేనైనా తీసుకునేవాణ్ణి కాదు. కానీ వాడు కోసిన సగం ముక్కను చూసి, "ఇది కాయేనా" అని కింద పడేశాడు. అంతే, చుట్టూ ఉన్న ట్రాక్టర్ల వాళ్ళందరూ ఒక్కసారి లేచారు. పోలీసులు వచ్చేదాకా గేటు తెరవలేదు. పండించినవాడి ముందు కాయను కింద పడేయరు. ముక్కను ఆయన చేతికిచ్చి, "చూడు నాయనా, ఇంకా పది దినాలు చెట్టు మీద ఉంచాల్సింది" అనాలి. తిట్టుకుంటూ అయినా వెనక్కి తీసుకుపోతాడు. ఇది ఏ ఎంబీయేలోనూ చెప్పరు, మా ఊళ్ళో పదేళ్ళ పిల్లకాయకు తెలుసు.

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో అందరికీ నా ముఖం చూడడం అలవాటైంది. గేటు దగ్గర ఏదైనా గొడవ జరిగితే సూపర్‌వైజర్లు నావైపు చూసేవాళ్ళు. వాచ్‌మన్ అయితే నోరు తెరిచి అడిగేశాడు: "సార్, మీరుంటే ఇట్లయ్యుండునా?" మొదట్లో నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ నవ్వు కూడా ఒక జవాబేనని, అది సాయంత్రంలోగా మావాడి చెవికి చేరుతుందని తర్వాత తెలిసింది. అందుకని ఒక మాట తయారు చేసి పెట్టుకున్నాను. "నేనున్నా రేటు అదే కదప్పా, నన్ను తిట్టేవాళ్ళు" అనేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. అడిగినవాడికి అంతకు మించి ఏమీ దొరకదు కూడా. మెల్లగా అడగడం మానేశారు.

ఇంట్లో మాత్రం ఆ జాగ్రత్త లేదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. వాడు ఈరోజు ఏ లోడు తిప్పి పంపాడు, ఏ ర్యాంపు వాడితో ఎలా మాట్లాడాడు, నేనైతే ఏం చేసేవాణ్ణి. నా భార్య టీచరు, వినడంలో ఓపిక ఎక్కువ. ఒకరోజు చేయి కడుక్కుంటూ అంది: "మీ ల్యాబ్‌లో ఈ సీజన్ ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క తెలీదు. ఆయన గేటు కాడ ఏం జరిగిందో మాత్రం రోజూ తెలుస్తా ఉంది. మీకు జీతం ఏ పనికిస్తా ఉండారు?"

నేను మాట్లాడలేదు. ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. అన్నం తిన్నంతసేపు వాడి గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు, చేయి కడుక్కున్నాక ఆ పేరు ఎత్తకూడదు. మొదటి రెండు మూడు రోజులు నేను అన్నం మెల్లగా తిన్నాను. మజ్జిగన్నం దగ్గర ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. తర్వాత దానంతట అదే తగ్గింది. బయట ఎవరితోనూ అనకుండా ఉండాలంటే లోపల ఒకచోట అనుకోవడానికి వీలుండాలి. దానికీ ఒక గడువు ఉండాలి. నాకు పనిచేసింది అదే. ఊరుకో, మరిచిపో, వాడు నీ ఫ్రెండ్ కదా అని చెప్పినవాళ్ళ మాటలు ఏవీ పనిచేయలేదు.

ఆమె అడిగిన ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. నా జీతం ల్యాబ్‌కు. సరే, ల్యాబ్ నుంచి నేను ఏం చేయగలను అని చూసుకున్నాను. గేటు దగ్గర టోకెన్లు ఇవ్వాలంటే మావాడికి ఒక అంకె కావాలి, రేపు ఎన్ని టన్నులు తీసుకోగలం అని. ఆ అంకె ఎవరి దగ్గరా లేదు. ప్రొడక్షన్ వాళ్ళు ఒకటి చెప్తారు, గోదాము వాళ్ళు ఒకటి చెప్తారు, వాడు మధ్యలో ఒకటి ఊహించి టోకెన్లు రాస్తాడు. ఊహ తప్పితే మర్నాడు తిట్లు. కానీ ఏ చాంబర్ ఎప్పుడు మాగుతుందో, ఏది రేపు ఖాళీ అవుతుందో అందరికంటే ముందు తెలిసేది నాకు, ఎందుకంటే రోజూ ప్రతి చాంబర్ నుంచి శాంపిల్ నా దగ్గరికి వస్తుంది. బ్రిక్స్ ఎక్కడికి వచ్చిందో, కాయ ఎంత మెత్తబడిందో చూస్తే చాంబర్ ఎప్పుడు తెరుస్తారో చెప్పొచ్చు. అప్పటిదాకా ఆ రిపోర్టు ప్రొడక్షన్‌కు రాత్రి షిఫ్టులో పోయేది. నేను శాంపిళ్ళు మధ్యాహ్నానికి మార్చాను. సాయంత్రం ఐదింటికల్లా ఒక చీటీ మీద రేపటి టన్నులు రాసి మావాడికి పంపేవాణ్ణి. మీటింగులో చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు. గ్రూపులో పెడితే అది నేను వాడికి నేర్పుతున్నట్టు అవుతుంది. చీటీ అయితే ల్యాబ్ నుంచి వచ్చిన కాగితం, అంతే.

వాడు థాంక్స్ చెప్పలేదు. కానీ మూడో రోజో నాలుగో రోజో చీటీ పది నిమిషాలు ఆలస్యమైతే మనిషిని పంపాడు.

సలహాల విషయంలో కూడా నాకు నేను ఒక గీత గీసుకున్నాను. కాయ సంగతైతే వాడు అడగకపోయినా చెప్తాను. మనుషుల సంగతైతే అడిగితేనే చెప్తాను. క్యూలో రెండు రాత్రులు దాటిన ట్రాక్టర్లను ముందు తీసుకో, కింద పొర పోతోంది అని చెప్పడానికి నాకు మొహమాటం అక్కర్లేదు, అది నా పని. రైతుతో ఎలా మాట్లాడాలి అన్నది నా పని కాదు. ఇరాల పెద్దాయన గొడవ గురించి నేను నోరెత్తలేదు. వారం తర్వాత వాడే అడిగాడు, "ఆ రోజు అంతమంది ఎందుకు లేచారురా, కాయ లేతదే కదా?" అప్పుడు చెప్పాను. కాసేపు తల దించుకుని, "నాకు తెలీదబ్బా" అన్నాడు. ఆ తర్వాత వాడు కాయ కోయడం నేను చూశాను. ముక్క చేతికే ఇస్తున్నాడు. మాట మాత్రం ఇంకా ఆఫీసు మాటలాగే ఉంది, అది ఒక్క సీజన్లో పోయేది కాదు.

ఈ గీత వల్ల అన్నీ సర్దుకున్నాయని కాదు. మా మామ సంగతి ఉంది.

జులైలో ఒకరోజు మా మేనమామ ఫోన్. "అల్లుడా, మీ ఫ్యాక్టరీ కాడే ఉండా. నిన్న పొద్దున్నుంచీ ఉండా. కాయ వేడెక్కిపోతా ఉండాది. ఒక టోకెన్ ఇప్పిచ్చేదానికి కాదా?" నేను బయటికి వెళ్ళాను. రోడ్డు పక్కన ట్రాక్టర్లు కనుచూపు మేర ఉన్నాయి, ఆయనది దాదాపు చివర. టార్పాలిన్ కింద చేయి పెట్టి చూశాను, ఆవిరి తగిలింది. ఇంటి నుంచి క్యారియర్ తెప్పించాను, ట్రాలీ నీడలో కూర్చుని ఇద్దరం తిన్నాం. టోకెన్ గురించి మావాడికి చెప్పలేను మామా అన్నాను. ఆయనకు నచ్చలేదు. "నువ్వా కుర్చీలో ఉండుంటే నేను ఈడ ఎందుకుంటాను" అన్నాడు. నిజమైన కోపంతో అన్నాడు.

తిరిగి లోపలికి నడుస్తుంటే హెచ్చార్ ఆయన మాట గుర్తొచ్చింది. నేనా కుర్చీలో ఉండుంటే ఆ సీజన్లో మా మామ ఒక్కడే వచ్చేవాడు కాదు. చిన్నమామ, పెదనాన్న కొడుకులు, అత్తగారి ఊరు, చదువుకున్న స్కూల్లో బెంచీ పంచుకున్నవాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు. ఒకరికి ఇస్తే ఊరు ఊరంతా గేటు ముందు. ఇవ్వకపోతే ఊళ్ళో ఏ పెళ్ళికీ వెళ్ళలేను. మావాడికి ఆ క్యూలో ఒక్క చుట్టం లేడు. ఎవరికైనా ఒకే ముఖంతో లేదు అనగలడు. ఆ బలం నాకు లేదు. అయితే హెచ్చార్ ఆయన చెప్పింది కరెక్టా? నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. బంధువులున్నవాడు ఆ పని చేయకూడదంటే జిల్లాలో ఈ పనికి బయటినుంచే మనుషుల్ని తెచ్చుకోవాలి. బయటి మనిషి వస్తే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం కదా.

మామ లోడు ఆ మర్నాడు దిగింది, మామూలు వరసలోనే. తరుగు బాగానే పోయింది. ఆయన తర్వాత కొన్నాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు.

మావాడు రాత్రిళ్ళు ల్యాబ్‌కు రావడం మొదలుపెట్టింది అప్పుడే. పదకొండింటికి గేటు సద్దుమణిగాక వచ్చి, శాంపిల్ క్రేట్ తిరగేసి దాని మీద కూర్చునేవాడు. మనిషి సగమయ్యాడు. ఫోన్ ఆపితే ఎండీ తిడతాడు, ఆపకపోతే రైతులు తిడతారు. 8 రూపాయలు ఎప్పుడిస్తారని రైతు అడుగుతాడు, అది వాడి చేతిలో లేదు. 4 రూపాయలు ఎప్పుడు పడతాయని అడుగుతాడు, అదీ వాడి చేతిలో లేదు. తూకం స్లిప్పులో ఒక పేరు తప్పు పడితే ఆ రైతు మర్నాడు కొడుకును, కొడుకు స్నేహితులను తీసుకుని వస్తాడు. దూరం నుంచి చూసినప్పుడు నాకు ఆ ఉద్యోగంలో కనిపించింది అధికారం. దగ్గర కూర్చుని వింటే అందులో సగం, తనవి కాని నిర్ణయాలకు తన ముఖం పెట్టడం.

ఒక రాత్రి అన్నాడు: "నీకిచ్చుంటే బాగుండేదిరా."

ఇలాంటి మాటకు జవాబు కష్టం. కాదులే అంటే అబద్ధం, అవును అంటే పడిపోయినవాడి మీద కాలు వేసినట్టు. నేను, "నాకిచ్చుంటే నాకు బాగుండేది. ఫ్యాక్టరీకి ఎట్లుండేదో తెలీదు" అన్నాను. వాడు చాలా సేపు నవ్వాడు. ఆ సీజన్లో వాడు నవ్వడం నేను చూసింది తక్కువ. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఉన్న బిగింపు కొంత పోయింది, ఎందుకంటే నాకు ఆ ఉద్యోగం కావాలన్న సంగతి అప్పటిదాకా ఇద్దరికీ తెలిసి ఇద్దరం మాట్లాడని విషయం.

ఎండీ గారు పిలిచింది మాత్రం నేను ఎదురుచూసిన పరీక్షే. తలుపు వేయమన్నారు. "నీ అభిప్రాయం చెప్పు. అతను నెట్టుకురాగలడా?" ఇలాంటి గదిలో ఎలాంటి మాట అయినా ఫలితం ఇస్తుంది. ఊరికే నిట్టూర్చినా చాలు. మనిషి గురించి ఏమీ చెప్పకూడదని ముందే అనుకుని వెళ్ళాను, ఎందుకంటే ఆ కుర్చీ కావాలనుకున్నవాణ్ణి నేను, నా తీర్పుకు విలువెంత? పని గురించి మాత్రం చెప్పాను. గేటు ఒకరి కింద, ల్యాబ్ ఒకరి కింద, లైన్ ఒకరి కింద ఉంది సార్, రేపటి టన్నులు ఎంతో రైతుకు ముందు రోజు ఎవరూ చెప్పడం లేదు, డబ్బు తేదీ మీరు చెప్పకుండా ఆయనతో చెప్పిస్తున్నారు, అది ఎవరున్నా ఇలాగే ఉంటుంది అన్నాను. చివరి మాట ఆయనకు రుచించలేదు. "నువ్వు తీసుకుంటావా ఇప్పుడు?" అన్నారు.

ఒక్క క్షణం ఆగాను, అబద్ధమెందుకు. నాకు కావాల్సిన మాటే అది. కానీ గేటు ముందు అన్ని ట్రాక్టర్లుండగా, వాణ్ణి పక్కకు జరిపి నేను నిలబడితే రైతుకు ఒక్క రూపాయి పెరగదు, వాడికి మాత్రం ఈ జిల్లాలో ఇంకో ఫ్యాక్టరీలో పని దొరకదు. "సీజన్ మధ్యలో వద్దు సార్. అయిపోయాక నేనే వచ్చి అడుగుతాను" అన్నాను. ఆ సాయంత్రమే మావాడికి చెప్పాను, ఇంకొకరి నోటి నుంచి వినకముందే. పిలిచారు, అడిగారు, ఇది చెప్పాను, సీజన్ అయ్యాక అడగబోతున్నాను కూడా. వాడు ఏమీ అనలేదు. కొన్ని రాత్రులు ల్యాబ్‌కు రాలేదు. చీటీ మాత్రం రోజూ ఐదింటికి తీసుకునేవాడు. ఆ రోజులు బాగాలేవు, వాటి గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టులో కాయ అయిపోయింది. మావాడు తనంతట తానే వెళ్ళి ఎక్స్‌పోర్ట్ పనికి మళ్ళీ పంపమని అడిగాడు. వాడిని ఎవరూ తీసేయలేదు, ఇది రాయాలి, ఎందుకంటే ఊళ్ళో వేరేలా చెప్పుకుంటున్నారు. నేను చెప్పినట్టే ఎండీ గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి నోటితో కాదు, కాగితం మీద రాసుకుని వెళ్ళాను. రేపటి టన్నులు ముందు రోజే గేటు బోర్డు మీద రాయాలి, టోకెన్ల పుస్తకం రోజూ చివర నాతోపాటు ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి, మా మండలం లోడ్లు నేను కాకుండా ఆ రెండో మనిషే చూడాలి, డబ్బు తేదీలు ఆఫీసు నుంచి ఆఫీసు పేరుతో రావాలి. మూడోది హెచ్చార్ ఆయనకు నా జవాబు. కాగితం తీసుకున్నారు, చూస్తాం అన్నారు.

ఇప్పుడు తోటల్లో పూత వస్తోంది. ఎండీ గారు ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ ఉద్యోగం నాకు వచ్చినా రాకపోయినా పని మొదలుపెట్టాం. ఆదివారాలు మావాడు మా ఇంటికి వస్తున్నాడు, ర్యాంపుల వాళ్ళ, రైతుల ఫోన్ నంబర్లన్నీ నాకు ఎక్కిస్తున్నాడు. ఒక్కో పేరు పక్కన వాడు రాసుకున్న ముక్కలు చూస్తే నా భార్యకు నవ్వాగలేదు. "కాయ మంచిది, నోరు మంచిది కాదు." "తమ్ముడితో మాట్లాడాలి, అన్నతో వద్దు." "పది లోడ్లు అంటే నాలుగు అనుకో." మా మామ నంబరు పక్కన "టోకెన్ అడగలేదు, చూపుతోనే తిట్టాడు" అని ఉంది. ఇవన్నీ ఆ గేటు దగ్గర నిలబడితే తప్ప రావు. నాకు లేవు.

ఒక్క విషయంలో మాత్రం మాకు కుదరడం లేదు. టోకెన్ ముందు రోజు సాయంత్రమే ఇవ్వాలని నేను, పొద్దున ఇవ్వాలని వాడు. టోకెన్ లేదని రాత్రికే తెలిస్తే రైతు కాయ కోయడు, చెట్టు మీదే ఉంచుతాడు అంటాను. రాత్రి లైన్ ఆగిపోతే నువ్విచ్చిన టోకెన్లు పట్టుకుని పొద్దున వచ్చినవాళ్ళకు ఏం చెప్తావు అంటాడు. పోయిన ఆదివారం కాఫీలు చల్లారేదాకా దీని మీదే వాదించుకున్నాం. ఈ ఆదివారం లైన్ ఎన్నిసార్లు, ఏ వేళప్పుడు ఆగిందో ప్రొడక్షన్ రిజిస్టరు చూసి రాసుకొస్తానన్నాడు. అది చూశాక కూడా నేను సాయంత్రమే అంటాననుకుంటా.